పెళ్ళి సీడీ కనిపిస్తుంది, కాపీ కాదు: లినక్స్‌లో యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్

ప్రశ్న: సార్, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. మా తమ్ముడు ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ మింట్ వేసిపెట్టి, ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాడు. అందులో సీడీ పెట్టే చోటు లేదని యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అట్టపెట్టె మీద విండోస్‌కు, మ్యాక్‌కు అని రాసుంది గానీ లినక్స్ మాటే లేదు. తగిలిస్తే లైటు వెలుగుతుంది, టిక్ టిక్‌మని రెండుమూడు సార్లు తిరిగి ఆగిపోతుంది. ఒక్కోసారి మాత్రం పనిచేస్తుంది. అలా పనిచేసినప్పుడు టీటీడీ స్టాల్‌లో కొన్న అన్నమయ్య సంకీర్తనల సీడీ బాగానే పాడింది. 2004లో తిరుచానూరులో జరిగిన మా అక్క పెళ్ళి సీడీలు మూడున్నాయి. ఫైలు కనిపిస్తుంది, కాపీ చేయబోతే 'ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్' అంటుంది. 2011 నాటి గృహప్రవేశం డీవీడీ సగం దాకా ఆడి బిగుసుకుపోతుంది. ఈ డ్రైవ్‌కు లినక్స్ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? మా తమ్ముడు వాళ్ళ ఆఫీసులో ఎవరూ వాడని ఆపిల్ సూపర్‌డ్రైవ్ ఒకటుందట, తెమ్మంటారా? నాకు టెర్మినల్ అంటే భయం, దయచేసి నెమ్మదిగా చెప్పండి.
ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముందుగా డ్రైవర్ కోసం వెతకడం ఆపేయండి. అలాంటిది ఎక్కడా దొరకదు, అవసరమూ లేదు. సీడీ, డీవీడీ డ్రైవ్‌లన్నీ ఒకే ప్రామాణిక భాషలో కంప్యూటర్‌తో మాట్లాడతాయి. ఆ భాష తెలిసిన భాగాలు, అంటే యూఎస్‌బీ స్టోరేజ్, ఎస్ఆర్ మాడ్యూల్ అనేవి, లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లో ముందునుంచే ఉన్నాయి. అట్టపెట్టె మీద లినక్స్ పేరు లేకపోవడం కంపెనీ వాళ్ళ బద్ధకమే తప్ప మీ డ్రైవ్‌లో లోపం కాదు. పైగా అన్నమయ్య సీడీ ఒక్కసారైనా పాడిందంటే డ్రైవర్ సంగతి అక్కడితో తేలిపోయింది. డ్రైవర్ లేకపోతే ఒక్క పాట కూడా వచ్చేది కాదు.

మీకు మూడు కష్టాలున్నాయి, మూడింటికీ కారణాలు వేరు. తిరిగి ఆగిపోవడం కరెంటు చాలకపోవడం వల్ల. పెళ్ళి సీడీ కాపీ కాకపోవడం ఆ సీడీ రకం వల్ల. గృహప్రవేశం డీవీడీ బిగుసుకుపోవడం బిళ్ళ పాడైనందువల్ల. ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాదు కాబట్టి విడివిడిగా చూద్దాం.

అంతకంటే ముందు ఒక మాట. ఈ జవాబులో కమాండ్లను కూడా తెలుగక్షరాల్లోనే రాశాం. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. అడ్డగీతలు, ఏటవాలు గీతలు, చుక్కలు, ఖాళీలు ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. పలకడాన్ని బట్టి స్పెల్లింగ్ అందని చోట అక్షరాలు విడదీసి చెప్పాం. సుడో అంటే ఎస్, యు, డి, ఓ. ఆ మాటతో మొదలయ్యే కమాండ్ కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు కొడుతున్నప్పుడు తెరమీద చుక్క కూడా కనిపించకపోవచ్చు, కీబోర్డు పాడైందనుకుని కంగారుపడకండి. కొట్టేసి ఎంటర్ నొక్కండి.

ఇక కరెంటు సంగతి. ఇలాంటి పలచని డ్రైవ్‌లకు విడిగా అడాప్టర్ ఉండదు, కావలసిన కరెంటంతా యూఎస్‌బీ తీగలోంచే లాక్కుంటాయి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇస్తానని ఒప్పుకునేది 500 మిల్లీ ఆంపియర్లు. యూఎస్‌బీ 3.0 అయితే 900. బిళ్ళను నిలబడ్డచోటి నుంచి వేగం అందుకునేలా తిప్పే ఆ రెండుమూడు క్షణాల్లో డ్రైవ్ ఒక ఆంపియర్ దాకా, కొన్నయితే అంతకు మించి అడుగుతాయి. పోర్టు ఇవ్వలేకపోతే వోల్టేజీ పడిపోతుంది, డ్రైవ్ ఆరిపోయి మళ్ళీ మొదటినుంచి లేస్తుంది, మళ్ళీ పడిపోతుంది. మీరు విన్న టిక్ టిక్ అదే. చాలా పోర్టులు చెప్పినదానికన్నా కాస్త ఎక్కువే ఇస్తాయి, అందుకే మీది ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి మొరాయిస్తోంది.

దీన్ని కళ్ళారా చూడొచ్చు. డ్రైవ్ తీగ పీకేసి, కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కి టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ, తెరవండి. అందులో ఇది కొట్టండి:

సుడో డీమెసెజ్ -డబ్ల్యూ

డీమెసెజ్ అంటే డి, ఎమ్, ఇ, ఎస్, జి. ఇది దేన్నీ మార్చదు, చెరపదు. కెర్నల్ ఏం గమనిస్తోందో వరుసగా చూపిస్తుంది, అంతే. ఇప్పుడు డ్రైవ్ తగిలించండి. అంతా బాగుంటే నాలుగైదు వరుసలు వచ్చి, చివర్లో 'అటాచ్డ్ ఎస్‌సీఎస్‌ఐ సీడీ-రామ్ ఎస్ఆర్0' అన్న మాట కనిపించి ఆగిపోతుంది. ఎస్ఆర్0 అన్నదే ఇకమీదట మీ డ్రైవ్ పేరు. ఎస్, ఆర్, ఆపైన సున్నా అంకె. ఓ అక్షరం కాదు, అక్కడ చాలామంది తప్పుతారు. అలాకాకుండా 'యూఎస్‌బీ డిస్‌కనెక్ట్' అని, వెంటనే 'న్యూ హై-స్పీడ్ యూఎస్‌బీ డివైస్' అని మళ్ళీ మళ్ళీ వస్తూ, పక్కనున్న డివైస్ నంబరు 5, 6, 7 అంటూ పెరుగుతూ పోతుంటే డ్రైవ్ పడి లేస్తున్నట్టే. ఎర్రర్ -71, ఎర్రర్ -110 అన్నవి కనిపించినా ముందు తీగనూ కరెంటునూ అనుమానించండి. చూడటం అయ్యాక కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగుతుంది.

చెయ్యాల్సింది ఇది. మధ్యలో హబ్ ఉంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి. పోర్టు లోపలి నాలుక నీలంగా ఉంటే అది దాదాపుగా యూఎస్‌బీ 3.0, దానికి పెట్టండి. చూసేటప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టే ఉంచండి. మౌస్ తప్ప మిగతావన్నీ పీకేయండి. దీంతోనే చాలా ఇళ్ళలో కథ ముగుస్తుంది. ముగియకపోతే తీగను చూడాలి. డ్రైవ్‌తో వచ్చిన పొట్టి తీగ ఉండగా, పొడుగ్గా ఉంటుందని వేరేది తగిలించారా? పలచని పొడుగు తీగలో దారిలోనే వోల్టేజీ తగ్గిపోతుంది. ఇంకా మోసకారి తీగలు మరికొన్ని ఉన్నాయి. వాటిలో కరెంటు తీగలు తప్ప డేటా తీగలే ఉండవు, కేవలం ఛార్జింగ్ కోసం చేసినవి. వాటితో తగిలిస్తే లైటు వెలుగుతుంది, బిళ్ళ తిరుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం డ్రైవ్ వచ్చిన సంగతే తెలియదు. డీమెసెజ్‌లో ఒక్క వరుస కూడా కదలకపోతే అలాంటి తీగేనని అనుకోవచ్చు.

తీగ మంచిదే అయినా పడి లేస్తుంటే, ఒకవైపు రెండు యూఎస్‌బీ మూతులుండే వై కేబుల్ తెచ్చుకోండి. తిరుపతి, చిత్తూరుల్లో కంప్యూటర్ సామాన్ల అంగళ్ళలో 'రెండు తలల యూఎస్‌బీ కేబుల్, పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కు వాడేది' అంటే అర్థమవుతుంది. డ్రైవ్ వెనక ఉన్న మూతి మినీ యూఎస్‌బీనా, మైక్రోనా, టైప్-సీనా అన్నది చూసుకుని వెళ్ళండి, లేదా డ్రైవే పట్టుకెళ్ళండి. రెండు తలలనూ ల్యాప్‌టాప్‌కే పెట్టండి. పోర్టులు చాలకపోతే కరెంటు కోసం ఉన్న తలను 5 వోల్టుల మొబైల్ ఛార్జర్‌కు పెట్టొచ్చు. కొన్ని డ్రైవ్‌లకు పక్కన గుండ్రటి చిన్న రంధ్రం ఉంటుంది, అది 5 వోల్టుల అడాప్టర్ కోసం. ఇంట్లో ఉన్న వైఫై రౌటర్ అడాప్టర్ అందులో సరిగ్గా పడుతుంది కదా అని దూర్చకండి. అవి ఎక్కువగా 12 వోల్టులవి, డ్రైవ్ అక్కడికక్కడే కాలిపోతుంది.

ఇంకొక చిన్న విషయం, చెప్పేదేముందని ఎవరూ చెప్పనిది. పలచని డ్రైవ్ ట్రేలో బిళ్ళను ఊరికే పెట్టి మూసేస్తే చాలదు. బొమ్మ ఉన్న వైపు పైకి ఉండేలా పెట్టి, నడిమి రంధ్రం చుట్టూ రెండు వేళ్ళతో నొక్కితే టక్‌మని కుదురుకుంటుంది. కుదురుకోని బిళ్ళ గీసుకుంటూ తిరుగుతుంది, డ్రైవ్ ఓపిక పట్టినంతసేపు పట్టి ఆగిపోతుంది.

టెర్మినల్ వద్దనుకుంటే మింట్ మెనూలో డిస్క్స్ అనే అప్లికేషన్ తెరవండి. ఎడమవైపు జాబితాలో సీడీ/డీవీడీ డ్రైవ్ అని కనిపిస్తే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టినట్టే. దాన్ని నొక్కితే లోపల బిళ్ళ ఉందో లేదో కూడా చెబుతుంది. అక్కడ పేరు మీ అట్టపెట్టె మీది పేరు కాకపోయినా కంగారు వద్దు. డ్రైవ్ లోపలి యంత్రం చేసే కంపెనీలు కొన్నే, పైన అంటించే పేర్లే బోలెడు.

ఇక అక్క పెళ్ళి సీడీలు. ఇవి డేటా సీడీలు కావు, వీడియో సీడీలు. 2004 ప్రాంతంలో మన పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లు ఇచ్చినవి ఎక్కువగా ఇవే. ఒక్కో బిళ్ళలో గంటా ఇరవై నిమిషాలకు మించి పట్టదు, అందుకే మీ పెళ్ళి మూడు ముక్కలైంది. తెరిచి చూస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, అందులో ఏవీసీక్01.డాట్ అనే పెద్ద ఫైలు కనిపిస్తాయి. సీడీ మీద సమాచారం సెక్టార్లుగా ఉంటుంది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2048 బైట్ల సరుకు ఉంటుంది, మిగతా చోటు తప్పులు దిద్దే గుర్తులకు పోతుంది. వీడియో సీడీలో సినిమా ఉన్న భాగానికి మాత్రం ఆ దిద్దుబాటు చోటును కూడా బొమ్మకే వాడేశారు, సెక్టారుకు 2324 బైట్లు నింపారు. వీడియోలో ఒక చుక్క చెదిరినా కంటికి ఆనదు కదా అన్నది వాళ్ళ లెక్క. లినక్స్ ఫైల్ మేనేజర్ ఆ ఫైలును 2048 లెక్కన చదవబోతుంది, డ్రైవ్ కుదరదంటుంది, మీకు ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది. విండోస్‌లో ఇదే ఫైలు కాపీ అవుతుంది, ఎందుకంటే అక్కడ ఆ పనికి వేరే ఏర్పాటు ఉంది. కాబట్టి 'సీడీ పోయింది' అని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ ఎర్రర్ కొత్త వీడియో సీడీకైనా వస్తుంది.

చూడటానికి వీఎల్‌సీ చాలు. మెనూలో మీడియా, అందులో ఓపెన్ డిస్క్. కంట్రోల్, డి నొక్కినా అదే వస్తుంది. పైన ఎస్‌వీసీడీ/వీసీడీ అన్నదాన్ని ఎంచుకుని, డిస్క్ డివైస్ అన్న చోట /డెవ్/ఎస్ఆర్0 అని ఉందో లేదో చూసి ప్లే నొక్కండి. డెవ్ అంటే డి, ఇ, వి. మీ వీఎల్‌సీ స్నాప్ రూపంలోనో, ఫ్లాట్‌ప్యాక్ రూపంలోనో ఉంటే దానికి డ్రైవ్‌ను ముట్టుకునే అనుమతి లేక తెరవకపోవచ్చు. అప్పుడు దాన్ని తీసేసి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వీఎల్‌సీ అని మామూలు దాన్ని వేసుకోండి. ఆప్ట్ అంటే ఏ, పి, టి.

కంప్యూటర్‌లోకి దించుకోవడానికి వీసీడీఇమేజర్ అనే ప్యాకేజీ ఉంది. స్పెల్లింగ్ వి, సి, డి, ఆ వెంటనే ఖాళీ లేకుండా ఐ, ఎమ్, ఏ, జి, ఇ, ఆర్.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వీసీడీఇమేజర్

దాంతోపాటు వీసీడీఎక్స్‌రిప్ అనే పనిముట్టు వస్తుంది. వి, సి, డి, ఎక్స్, ఆర్, ఐ, పి, అన్నీ కలిపి. పెళ్ళి కోసం ఒక ఫోల్డర్ చేసి, దాన్ని తెరిచి, ఖాళీ చోట కుడి క్లిక్ చేసి 'ఓపెన్ ఇన్ టెర్మినల్' అనండి. మూడు బిళ్ళలకూ మూడు వేర్వేరు ఫోల్డర్లు కావాలి. ఎందుకంటే అన్నింట్లోనూ ఫైలు పేరు ఒకటే, రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది. వీఎల్‌సీ మూసేసి ఇది కొట్టండి:

వీసీడీఎక్స్‌రిప్ --సీడీరామ్-డివైస్=/డెవ్/ఎస్ఆర్0 -పి

సీడీరామ్ అంటే సి, డి, ఆర్, ఓ, ఎమ్. మొదట రెండు అడ్డగీతలు, డివైస్ తర్వాత ఖాళీ లేకుండా సమానం గుర్తు. చివరి -పి ఎంతవరకు వచ్చిందో చూపించడానికి. పూర్తయ్యాక ఏవీసీక్01.ఎంపీజీ అనే ఫైలు ఉంటుంది. ఇది బిళ్ళలో ఉన్న వీడియోనే, నాణ్యత ఏమాత్రం తగ్గకుండా. అలాగని పెరగదు కూడా. వీడియో సీడీ బొమ్మ అడ్డం 352, నిలువు 288 చుక్కలు మాత్రమే. 'హెచ్‌డీ చేసి ఇస్తాం' అని డబ్బులడిగే చోట ఆ చుక్కల్ని సాగదీసి ఇస్తారు, లేని ముఖకవళికలు ఎక్కడినుంచీ రావు. మీ దగ్గరున్న ఎంపీజీ ఫైలే అసలు, దాన్ని భద్రంగా ఉంచండి. ఫోన్లో పంపడానికి మాత్రం వీఎల్‌సీలో మీడియా, కన్వర్ట్/సేవ్ వాడి ఎంపీ4గా ఒక నకలు చేసుకోండి.

డిస్క్స్ అప్లికేషన్‌లో 'క్రియేట్ డిస్క్ ఇమేజ్' అని ఒక సదుపాయం ఉంది కదా, దాంతో చేస్తే పోదా అనిపిస్తుంది. వీడియో సీడీకీ, పాటల సీడీకీ అది పనిచేయదు. అది కూడా 2048 లెక్కే. డేటా సీడీలకు, డీవీడీలకు మాత్రం బంగారంలా పనిచేస్తుంది.

అన్నమయ్య సీడీ పాటల సీడీ. అందులో ఫైళ్ళే ఉండవు, ట్రాకులుంటాయి. మింట్ దాన్ని ట్రాక్ 1.వేవ్ అంటూ ఫైళ్ళలాగా చూపించినా అది మన సౌకర్యం కోసం. రిథమ్‌బాక్స్‌లో ఎడమపక్క సీడీ పేరు నొక్కి ఎక్స్‌ట్రాక్ట్ అంటే చాలు. ఫ్లాక్ రూపంలో దించుకుంటే నాణ్యత పోదు, చోటు వేవ్‌లో పట్టేదాంట్లో సుమారు సగం. వేవ్ అయితే నిమిషానికి 10 మెగాబైట్లు దాటుతుంది. పాటల పేర్లు ఇంటర్నెట్ నుంచి వస్తాయి గానీ మన సంకీర్తనల సీడీలకు ఎక్కువగా రావు. కవరు పక్కన పెట్టుకుని, దించకముందే పేర్లు, రాగాలు టైప్ చేసుకోండి. తర్వాత చేద్దామంటే ఎప్పటికీ చేయరు. ఎవరైనా టెర్మినల్‌లో మౌంట్ చేయమని, అంటే బిళ్ళను ఫోల్డర్‌లా తెరవమని, చెబితే పాటల సీడీ ఎప్పటికీ మౌంట్ కాదు, 'రాంగ్ ఎఫ్ఎస్ టైప్' అంటుంది. ఖాళీ బిళ్ళకూ, ఫైనలైజ్ చేయకుండా, అంటే రికార్డింగ్‌కు ముగింపు రాయకుండా, వదిలేసిన డీవీడీకీ కూడా అదే మాట రావచ్చు. 'రైట్-ప్రొటెక్టెడ్, మౌంటెడ్ రీడ్-ఓన్లీ' అని వస్తే అది ఎర్రర్ కాదు, బిళ్ళ సరిగ్గా తెరుచుకుందని అర్థం.

గృహప్రవేశం డీవీడీ దగ్గర కొంచెం ఓపిక కావాలి. ముందు శుభ్రం చేయండి. ఉతికిన పాత పంచె గుడ్డలాంటి మెత్తటి నూలు గుడ్డను కాస్త తడిపి, నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా రుద్దకండి. అంచుకు పోయే గీత దారికి అడ్డంగా ఒక్కచోట తగులుతుంది, డ్రైవ్ సర్దుకుంటుంది. గుండ్రటి గీత దారి వెంబడే పోయి వరుసగా సమాచారాన్ని మింగేస్తుంది. టూత్‌పేస్ట్ చిట్కాలు మీ ఏకైక బిళ్ళ మీద ప్రయోగించవద్దు. స్టూడియో వాళ్ళు పైన కాగితం స్టిక్కర్ అంటించి ఉంటే, అది ఒక పక్క లేచినా బిళ్ళ బరువు తప్పి అదురుతుంది. పీకబోకండి. సీడీలో అద్దపు పొర సరిగ్గా పై బొమ్మ కిందే ఉంటుంది, స్టిక్కర్‌తోపాటు ఊడొస్తుంది. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల నడుమ ఉంటుంది గానీ, అక్కడా లాగితే పలకలు విడిపోయే ప్రమాదముంది. లేచిన మూలను నొక్కి అంటిస్తే చాలు.

తుడిచినా సగంలోనే ఆగుతుంటే మామూలు కాపీ వల్ల కాదు. ఫైల్ మేనేజర్ చదవలేని చోట నిలబడి అక్కడే కొట్టుకుంటుంది, చివరికి మొత్తం వదిలేస్తుంది. దీనికి డీడీరెస్క్యూ కావాలి. ఇది ముందు చదవగలిగినంతా చకచకా చదివేసి, మొరాయించిన చోట్లను ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది, తర్వాత వాటి మీద మాత్రమే మళ్ళీ ప్రయత్నిస్తుంది. ప్యాకేజీ పేరు ముందు ఒక జి అదనంగా ఉంటుంది:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జిడీడీరెస్క్యూ

కమాండ్‌కు మాత్రం ఆ జి ఉండదు. డి, డి, ఆర్, ఇ, ఎస్, సి, యు, ఇ అంతే. మొదటి విడత:

డీడీరెస్క్యూ -ఎన్ -బి2048 /డెవ్/ఎస్ఆర్0 ఇల్లు.ఐఎస్‌ఓ ఇల్లు.మ్యాప్

ఐఎస్‌ఓ అంటే బిళ్ళ మొత్తానికి నకలుగా ఉండే ఒకే ఫైలు. ఇల్లు అన్నది మనం పెట్టిన పేరు, ఐ, ఎల్, ఎల్, యు అని కొట్టండి. ఇది ముగిశాక రెండో విడత:

డీడీరెస్క్యూ -డి -ఆర్3 -బి2048 /డెవ్/ఎస్ఆర్0 ఇల్లు.ఐఎస్‌ఓ ఇల్లు.మ్యాప్

ఆర్3 అంటే పాడైన చోట్ల మీద ఇంకో మూడుసార్లు చూడమని. బాగున్న డీవీడీ పావుగంట, ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది. పాడైనది గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోయినా, మీరే విసిగి కంట్రోల్, సి కొట్టినా నష్టం లేదు. అదే ఫోల్డర్‌లో అదే కమాండ్ మళ్ళీ కొడితే మ్యాప్ చూసుకుని ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. అందుకే పని పూర్తయ్యేదాకా మ్యాప్ ఫైలును చెరపకూడదు. డ్రైవ్ బాగా వేడెక్కితే ఆపి, చల్లారాక మొదలుపెట్టండి. మన ఎండాకాలం మధ్యాహ్నాల కన్నా రాత్రిపూట ఈ పని పెట్టుకోవడం మేలు.

నిండు డీవీడీ 4.7 గిగాబైట్లు, కాబట్టి ల్యాప్‌టాప్‌లో 5 గిగాబైట్లు ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. నేరుగా పెన్ డ్రైవ్‌లోకి దించుతామంటే ఒక చిక్కుంది. అంగట్లో కొన్న చిన్న పెన్ డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటాయి, అందులో 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలు పట్టదు. పెన్ డ్రైవ్‌లో ఎంత చోటున్నా సరే, సరిగ్గా 4 దగ్గర 'ఫైల్ టూ లార్జ్' అని ఆగిపోతుంది. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చాలి, మార్చేముందు అందులో ఉన్నవి వేరేచోట దాచుకోవాలి.

వచ్చిన ఐఎస్‌ఓ ఫైలును వీఎల్‌సీలో తెరిస్తే డీవీడీలాగే మెనూతో సహా ఆడుతుంది. చదవలేని చోట ఒకటి రెండు క్షణాలు గళ్ళు గళ్ళుగా కనిపించి దాటిపోతుంది. మనుషులు కదిలినప్పుడు దువ్వెన పళ్ళలాంటి అడ్డగీతలు కనిపిస్తే అది బిళ్ళ లోపం కాదు. వీఎల్‌సీ వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి. ఒకే ఫైలు కావాలంటే హ్యాండ్‌బ్రేక్‌తో ఐఎస్‌ఓ నుంచి ఎంపీ4 చేసుకోవచ్చు.

కొన్న సినిమా డీవీడీల గురించి మీరు అడగలేదు గానీ, తర్వాత అదే అడుగుతారు. వాటిలో చాలావాటికి తాళం ఉంటుంది, వీఎల్‌సీ దానంతటది తెరవదు. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌డీవీడీ-పీకేజీ, ఆ తర్వాత సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ లిబ్‌డీవీడీ-పీకేజీ. రెండోది మరిచిపోతే మొదటిది చేసీ ఉపయోగం లేదు. పీకేజీ అంటే పి, కె, జి. రెండోదానికి ఇంటర్నెట్ ఉండాలి. డ్రైవ్ రీజియన్, అంటే ఏ ప్రాంతపు డీవీడీలు ఆడాలో చెప్పే అంకె, మార్చమని ఎక్కడైనా కనిపిస్తే తొందరపడకండి. మన దేశం రీజియన్ 5, డ్రైవ్ జీవితకాలంలో ఐదుసార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత ఉన్నచోటే బిగుసుకుపోతుంది.

డ్రైవ్ మీది బటన్ నొక్కినా ట్రే రాకపోతే విరగ్గొట్టకండి. బిళ్ళ వాడుకలో ఉన్నంతసేపు లినక్స్ తలుపు గడియ పెడుతుంది. వీఎల్‌సీ, ఫైల్ మేనేజర్ మూసేసి డెస్క్‌టాప్ మీద బిళ్ళ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ఎజెక్ట్ అనండి, లేదా టెర్మినల్‌లో ఎజెక్ట్ /డెవ్/ఎస్ఆర్0 కొట్టండి. దేనికీ లొంగకపోతే తీగ పీకేసి, ట్రే ముందున్న సూది రంధ్రంలోకి సాపుచేసిన పేపర్ క్లిప్ తిన్నగా నొక్కండి. తీగ పీకకుండా మాత్రం చేయకండి, లోపల బిళ్ళ ఇంకా తిరుగుతూ ఉండొచ్చు.

'పర్మిషన్ డినైడ్' అని వస్తే, మింట్‌లో మామూలుగా రాదు గానీ, వస్తే సుడో యాడ్‌యూజర్ అని కొట్టి ఒక ఖాళీ, మీ యూజర్ పేరు, ఇంకో ఖాళీ, సీడీరామ్. లాగౌట్ అయి మళ్ళీ రావాలి. ఇదే పనికి యూజర్‌మాడ్ కమాండ్ చెప్పేవాళ్ళున్నారు. అందులో -ఏ అన్నది మరిచిపోతే మిగతా గ్రూపులన్నిటిలోంచీ, సుడో గ్రూపుతో సహా, మీ పేరు కొట్టేస్తుంది. దాని జోలికి పోవద్దు.

చివరగా మీ తమ్ముడు తెస్తానన్న ఆపిల్ సూపర్‌డ్రైవ్. తెమ్మనండి, కానీ తగిలించగానే బిళ్ళ లోపలికి లాక్కోకుండా బెట్టు చేస్తుంది. ఆపిల్ కంప్యూటర్ నుంచి ఒక ప్రత్యేకమైన సంకేతం వస్తే తప్ప అది కదలదు. ఆ సంకేతం లినక్స్ నుంచీ పంపొచ్చు. ఎస్‌జి3-యుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకుని, డ్రైవ్ తగిలించాక ఇది కొట్టాలి:

సుడో ఎస్‌జి_రా /డెవ్/ఎస్ఆర్0 ఈఏ 00 00 00 00 00 01

యుటిల్స్ అంటే యు, టి, ఐ, ఎల్, ఎస్. ఎస్‌జి_రా అంటే ఎస్, జి, కింది గీత, ఆర్, ఏ, డబ్ల్యూ. ఈఏ అంటే ఇ, ఏ రెండక్షరాలు, తర్వాత అయిదుసార్లు 00, చివర 01. తీగ పీకి పెట్టిన ప్రతిసారీ మళ్ళీ కొట్టాలి. మీ డ్రైవ్ కూడా తగిలించే ఉంటే రెండోది ఎస్ఆర్1 అవుతుంది కాబట్టి ఒక్కదాన్నే పెట్టుకోండి. అది కూడా కరెంటు బాగానే లాగుతుంది, నీలం పోర్టుకే పెట్టాలి. ట్రే లేని డ్రైవ్ కనుక కామ్‌కార్డర్లలో వాడే చిన్న బిళ్ళలు అందులో వేయకూడదు, లోపల ఇరుక్కుంటాయి.

అది ఉంటే మీకు ఇంకో లాభం కూడా ఉంది. ఒక డ్రైవ్ చదవలేని సెక్టారును ఇంకో డ్రైవ్ చదివేయడం తరచూ జరిగేదే, లెన్సులు అన్నీ ఒక్కలా ఉండవు. మీ డ్రైవ్‌తో చేసిన రెండో విడత తర్వాత కూడా గృహప్రవేశంలో ఖాళీలు మిగిలితే, బిళ్ళను సూపర్‌డ్రైవ్‌లో పెట్టి అదే ఐఎస్‌ఓ, అదే మ్యాప్ ఫైలు పేర్లతో రెండో కమాండ్ మళ్ళీ కొట్టండి. మొదటినుంచీ చదవదు, మిగిలిన ఖాళీల మీదే కూర్చుంటుంది.